ఉప్పు, పొటాషియం, చిటికెడు జింకు: డెల్టాలో రక్తపోటు వెనుక ఖనిజాల లెక్క

భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్య సాగుచేసే రైతుకు ఖనిజాల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. బోరు నీటితో నింపిన చెరువులో రొయ్య కండ పట్టేసి వంగిపోతున్నా, పెంకు విడిచిన తర్వాత కొత్త పెంకు గట్టిపడక మెత్తగా ఉండిపోతున్నా, ఆ రైతు నీటిని పరీక్షకు పంపి సోడియం ఎంత, పొటాషియం ఎంత, కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అని చూసుకుని, తక్కువైనదాన్ని బస్తాల లెక్కన చెరువులో చల్లిస్తాడు. సముద్రపు నీటిలో సోడియం పొటాషియానికి దాదాపు 28 రెట్లు, మెగ్నీషియం కాల్షియానికి మూడు రెట్లకు పైన ఉంటుంది. ఉప్పదనం తక్కువైన చెరువులోనూ ఆ పాళ్లకు దగ్గరగా నీటిని నిలిపితేనే రొయ్య తట్టుకుంటుంది. ఏ ఖనిజం ఎంత ఉందన్నదానికన్నా దేనికి ఏది ఏ పాలులో ఉందన్నదే ముఖ్యమని డెల్టా రైతు నష్టాలు చూసి నేర్చుకున్నాడు. మనిషి రక్తపోటు విషయంలో వైద్యశాస్త్రం దశాబ్దాల పరిశోధన తర్వాత చేరుకున్నదీ దాదాపు ఈ మాటకే. కాకపోతే ఇక్కడ పాళ్లు తిరగబడతాయి: పెద్దవాళ్లకు రోజుకు సోడియం 2 గ్రాములు మించకూడదని, పొటాషియం 3.5 గ్రాములకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సముద్రంలో బతికే జీవికి సోడియం మిక్కిలిగా కావాలి, ఒడ్డున బతికే మనిషికి పొటాషియం ఎక్కువ కావాలి.

ఖనిజాలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల ఈ విషయంలో చాలా గందరగోళం పుడుతోంది. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం రోజుకు వందల మిల్లీగ్రాముల నుంచి గ్రాముల వరకు కావలసినవి. జింకు, రాగి, సెలీనియం, అయోడిన్, మాంగనీసు వంటివి మిల్లీగ్రాముల్లో, కొన్నయితే మైక్రోగ్రాముల్లో కావలసినవి. వీటినే సూక్ష్మ ఖనిజాలంటారు. ఎదిగిన మనిషి ఒంట్లో కాల్షియం కిలో వరకు ఉంటే, జింకు రెండు మూడు గ్రాములు, రాగి సుమారు 100 మిల్లీగ్రాములు, సెలీనియం అంతకన్నా చాలా తక్కువ. మొదటి జట్టు రక్తంలో నీరు ఎంత నిలవాలో, రక్తనాళం ఎంత బిగుసుకోవాలో నేరుగా నిర్ణయిస్తుంది. రెండో జట్టు ఎక్కువగా ఎంజైముల లోపల కూర్చుని పనిచేస్తూ రక్తనాళపు గోడ ఆరోగ్యాన్ని కాపాడుతుంది. కాబట్టి రక్తపోటుతో మొదటి జట్టుకున్న సంబంధానికి రుజువులు బలంగా ఉన్నాయి, రెండో జట్టుకు పలచగా ఉన్నాయి. మందుల షాపుల అరల్లోనూ ఫోన్లలో తిరిగే వీడియోల్లోనూ ఈ వరుస తలకిందులై, సెలీనియం, జింకు, క్రోమియం కలిపిన మాత్రలకే ఎక్కువ ప్రచారం దొరుకుతోంది. అది రోగిని అసలు విషయం నుంచి పక్కకు తీసుకుపోయే ప్రచారం.

అసలు విషయం మూత్రపిండంతో మొదలవుతుంది. తిన్న ఉప్పులోని సోడియం పేగుల నుంచి దాదాపు మొత్తంగా రక్తంలో చేరుతుంది. సోడియం ఉన్నచోటికి నీరు వస్తుంది కనుక రక్తపు పరిమాణం పెరిగి, గుండె నెట్టవలసిన బరువు పెరుగుతుంది. మూత్రపిండాలు ఆ అదనపు సోడియాన్ని బయటికి పంపగలిగినంత కాలం ఒత్తిడి మళ్లీ మామూలుకు వస్తుంది. వయసు మీరిన వారిలో, మధుమేహం ఉన్నవారిలో, వంశంలో రక్తపోటు ఉన్నవారిలో ఆ పని మందగిస్తుంది, అప్పుడు ఎక్కువ ఒత్తిడి పెట్టి రక్తాన్ని నెడితేనే మూత్రపిండం సోడియాన్ని వదులుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే ఆ పెరిగిన ఒత్తిడే ఒంటికి అలవాటుగా స్థిరపడుతుంది. అదే ఉప్పు తిన్నా కొందరికి పోటు పెరిగి, కొందరికి పెరగకపోవడానికి కారణం మూత్రపిండాల ఈ తేడాలోనే చాలావరకు ఉంది.

32 దేశాల్లో 52 చోట్ల పదివేల మందికి పైగా మనుషుల 24 గంటల మూత్రాన్ని పరీక్షించి 1988లో ప్రచురించిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం, సోడియం ఎక్కువగా విసర్జించేవారిలో రక్తపోటు ఎక్కువని, పొటాషియం ఎక్కువగా విసర్జించేవారిలో తక్కువని చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పద్ధతిలో మూత్రాన్ని కొలిచి 2017లో వెలువరించిన అంచనా ప్రకారం ఇక్కడి మనిషి సగటున రోజుకు సుమారు 9.5 గ్రాముల ఉప్పు తింటున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. దీని ఫలితం ఈ గడ్డ మీద కనబడుతూనే ఉంది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో జరిగిన మరణాల కారణాలను ఆరా తీసి 2006లో ప్రచురించిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనంలో, గుండె, రక్తనాళాల జబ్బుల వాటా దాదాపు మూడో వంతు అని తేలింది. పల్లెల్లో చావులకు అంటురోగాలే ముఖ్య కారణమన్న పాత అభిప్రాయాన్ని ఆ అంకె పక్కకు నెట్టింది.

ఇంత ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు జవాబు డెల్టా కంచంలోనే ఉంది. అన్నంలో ఉప్పు లేదు. సాదా బియ్యంలో సోడియం ఎంత తక్కువంటే, 1940ల్లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు తీవ్రమైన రక్తపోటు రోగులకు ఉప్పు లేని అన్నం, పళ్లు, పళ్లరసాలు, చక్కెర మాత్రమే పెట్టి, మందులు లేని ఆ రోజుల్లో చాలామందిలో ఒత్తిడిని దించగలిగాడు. ఆ అన్నమే ఇక్కడ ఉప్పు మోసుకొచ్చే వాహనం కావడం ఆలోచించవలసిన సంగతి. చప్పని అన్నం అంత రాశిగా తినాలంటే పక్కనున్న ప్రతిదీ ఉప్పగా, పుల్లగా, కారంగా ఉండవలసి వస్తుంది. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, ఉప్పు చేప, పులుసు, చారు, చివరికి మజ్జిగలో వేసుకునే చిటికెడు, ఇవన్నీ కలిపి చూస్తే లెక్క తేలుతుంది. ఆవకాయ బరువులో పదో వంతు ఉప్పు ఉందనుకున్నా, పూటకు 20 గ్రాముల చొప్పున రెండు పూటలకు అదొక్కటే 4 గ్రాముల ఉప్పు. పట్నాల్లో ఉప్పు పొట్లాల తిండి నుంచి, బేకరీ నుంచి వస్తుందని చెప్పే సలహాలు విదేశాల నుంచి వచ్చినవి. డెల్టా పల్లెలో ఇప్పటికీ ఉప్పు జాడీ నుంచి, కూర గిన్నె నుంచి వస్తోంది, తగ్గించుకోవడమూ ఇంటివారి చేతిలోనే ఉంది.

ఇక పొటాషియం. ఒంట్లోని పొటాషియంలో నూటికి 98 పాళ్లు కణాల లోపల ఉంటుంది, సోడియం ఎక్కువగా కణాల బయట ఉంటుంది. ఈ తేడాను నిలబెట్టే పంపు ప్రతి విడతా మూడు సోడియం అయాన్లను బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. 1957లో దీన్ని కనుగొన్న డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తపోటుకు సంబంధించి అంతకన్నా ముఖ్యమైన తాళం మూత్రపిండపు సన్నని గొట్టాల చివరి భాగంలో ఉంది. తిండిలో పొటాషియం తగ్గిందని అక్కడి కణాలు గ్రహించగానే సోడియాన్ని తిరిగి రక్తంలోకి లాగే వాహకాన్ని చురుకు చేస్తాయి. పొటాషియం సమృద్ధిగా వస్తే ఆ వాహకం మందగించి, సోడియం మూత్రంలోకి జారిపోతుంది. పొటాషియం తక్కువగా తినేవాడి ఒళ్లు ఉప్పును దాచుకుంటుందన్నమాట. ఉప్పు తగ్గించడం ఎంత అవసరమో పొటాషియం పెంచడమూ అంతే అవసరమని ఇప్పుడు చెప్పడానికి కారణం ఇదే. వైద్యుల చీటీల్లో 'ఉప్పు తగ్గించండి' అన్న మాట మాత్రమే ఉండి, రెండో సగం లేకపోవడం పెద్ద లోటు.

ఆ రెండో సగానికి డెల్టాలో కొదవ లేదు. రావులపాలెం మార్కెట్టుకు గెలలు గెలలుగా వచ్చే చక్కెరకేళి, కర్పూర అరటి, కూరకు కోసే పచ్చి అరటికాయ, కంద, చేమ, తోటకూర, బచ్చలి, పెసలు, మినుములు, కొబ్బరి నీళ్లు, అన్నీ పొటాషియం బాగా ఉన్నవే. అరటిపండు 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు, లేత బొండం నీళ్లు 100 మిల్లీలీటర్లలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. బొండాలు కోసి లారీలకెక్కించే కోనసీమలో, అరటి గెలలు నరికే లంకల్లో, కూలి మనిషి కంచంలో మాత్రం అన్నం, పచ్చడి, పలచని చారు మిగలడం మనసుకు కష్టం కలిగించే నిజం. పండేది ఒకటి, తినేది ఒకటి. వండే తీరూ కొంత నష్టం చేస్తుంది. కందను, చేమను, ఆకుకూరలను ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియంలో చెప్పుకోదగిన భాగం ఆ నీళ్లతో పోతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇదే పద్ధతి కావాలని చెబుతారు, ఎందుకంటే వారి ఒళ్లు అదనపు పొటాషియాన్ని బయటికి పంపలేదు.

తిండి మొత్తాన్ని మార్చితే ఏమవుతుందో 1997లో అమెరికాలో ప్రచురించిన డాష్ ప్రయోగం చూపింది. 459 మందిపై జరిగిన ఆ ప్రయోగంలో ఉప్పును తగ్గించలేదు. పళ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాలపదార్థాలు పెంచి పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం మూడూ కలిసి వచ్చేలా చేశారు. ఎనిమిది వారాల్లో, రక్తపోటు జబ్బు ఉన్నవారిలో పై అంకె సగటున 11.4 మిల్లీమీటర్లు దిగింది. ఒక మాత్ర చేసే పనికి ఇది తక్కువేమీ కాదు. తర్వాత 2001లో ఉప్పు కూడా తగ్గించి చూస్తే ఫలితం ఇంకా పెరిగింది. ఈ ప్రయోగంలో ఏ ఖనిజానికి ఎంత వాటా అని విడదీయడం కుదరదు, ఆ అవసరమూ లేదు. తోటకూర తిన్నప్పుడు పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం కలిసే లోపలికి వెళతాయి.

కాల్షియం విషయంలో చాలామందికి ఒక సహజమైన సందేహం వస్తుంది. డెల్టాలో రక్తపోటు రోగుల్లో ఎక్కువమంది వాడే మాత్రల్లో ఒకటి ఆమ్లోడిపిన్. రక్తనాళపు కండరంలోకి కాల్షియం వెళ్లే దారిని మూసివేసి, బిగుతు తగ్గించడం దాని పని. కాల్షియాన్ని అడ్డుకుంటే పోటు తగ్గేటప్పుడు కాల్షియం తింటే పెరగాలి కదా అన్నది ఆ సందేహం. జరిగేది అందుకు వ్యతిరేకం. తిండిలో కాల్షియం తక్కువైతే రక్తంలో దాని స్థాయిని నిలబెట్టడానికి పారాథైరాయిడ్ హార్మోను, చురుకైన విటమిన్ డి పెరుగుతాయి, అవి రక్తనాళపు కండర కణాల లోపల కాల్షియాన్ని పెంచుతాయని, దాంతో నాళం బిగుస్తుందని వివరిస్తారు. నాళం బిగుతును నిర్ణయించేది కణం లోపలి కాల్షియం. కంచంలో తగినంత కాల్షియం ఉంటే కణం లోపల అది పేరుకోదు. అయితే కాల్షియం మాత్రలతో రక్తపోటు తగ్గేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఒక్క సందర్భంలో మాత్రం దాని విలువ చాలా ఎక్కువ: తిండిలో కాల్షియం తక్కువగా ఉన్న గర్భిణులకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల కాల్షియం ఇస్తే, గుర్రపువాతానికి (గర్భిణులకు ఫిట్స్ వచ్చే జబ్బుకు) దారితీసే రక్తపోటు ముప్పు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది.

మెగ్నీషియం కాల్షియానికి సహజమైన ప్రత్యర్థి. కండర కణంలోకి కాల్షియం చొరబడకుండా అది కొంత అడ్డుకుంటుంది, సోడియం-పొటాషియం పంపు నడవడానికీ అదే కావాలి. 34 ప్రయోగాలను, రెండు వేల మందిని కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, రోజుకు సుమారు 370 మిల్లీగ్రాముల మెగ్నీషియం మూడు నెలలు ఇస్తే పై అంకె 2, కింది అంకె 1.8 మిల్లీమీటర్ల వరకు తగ్గాయి. మాత్రతో వచ్చే లాభం అంతే కాబట్టి దాన్ని మందుగా భావించకూడదు. అయినా లోటు ఎక్కడ పుడుతోందో చూడాలి. దంపుడు బియ్యం 100 గ్రాముల్లో మెగ్నీషియం 100 మిల్లీగ్రాములకు పైన ఉంటే, మరలో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో అది దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే మనిషికి ఈ ఒక్క తేడాతోనే 200 మిల్లీగ్రాములకు మించిన మెగ్నీషియం తవుడులో పోతుంది. గంజి వారిస్తే మిగిలినదానిలోనూ కొంత పోతుంది. ఆ తవుడు పశువులకు, చేపల చెరువులకు మేతగా వెళుతోంది. డెల్టాలో బొచ్చె, శీలావతి చేపలు తింటున్న మెగ్నీషియం మనిషి కంచం నుంచి పోయినదే.

సూక్ష్మ ఖనిజాల్లో జింకు కథ అన్నిటికన్నా ఆసక్తికరమైనది. ఒంట్లో రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే ఎంజైము నడిమధ్యలో ఒక జింకు పరమాణువు ఉంటుంది, అది లేకపోతే ఆ ఎంజైము పనిచేయదు. బ్రెజిల్‌లోని ఒక విషసర్పం కాటుకు మనుషుల రక్తపోటు ఎందుకు పడిపోతోందో పరిశోధిస్తూ శాస్త్రవేత్తలు ఈ ఎంజైమును ఆపే మార్గం కనుక్కున్నారు. అలా పుట్టి 1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్ మందు సరిగ్గా ఆ జింకు పరమాణువునే పట్టుకుని ఎంజైమును ఆపుతుంది. తర్వాత వచ్చిన ఎనలాప్రిల్, రామిప్రిల్ చేసే పనీ ఇదే. దీన్నిబట్టి జింకు తింటే రక్తపోటు పెరుగుతుందని అనుకోరాదు. ఎంజైము తనకు కావలసిన జింకును గట్టిగా పట్టి ఉంచుతుంది. అదే జింకు, రాగితో కలిసి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే మరో ఎంజైములో ఉంటూ, రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ నాశనం కాకుండా కాపాడుతుంది. పైగా జింకు లోటు ఉన్న ఎలుకల మూత్రపిండాలు సోడియాన్ని ఎక్కువగా దాచుకున్నాయని ప్రయోగాలు చూపాయి. ఒకే లోహం రెండు వైపులా పనిచేస్తుంది. అందుకే మనుషులకు జింకు మాత్రలిచ్చి చూసిన ప్రయోగాల్లో రక్తపోటు తగ్గినా చాలా స్వల్పంగానే తగ్గింది.

జింకు లోటు డెల్టా మట్టిలోనే ఉంది. నెలల తరబడి నీరు నిలిచే వరిచేలలో జింకు మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది, భాస్వరం ఎరువు ఎక్కువైతే ఇంకా బిగుసుకుంటుంది. వరి ఆకుల మీద ఇటుకరంగు మచ్చలు కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలని, లేదా ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేయాలని ఇక్కడి రైతులందరికీ తెలుసు. బియ్యం, పప్పులే ముఖ్యాహారమైన చోట ఫైటేటు అనే పదార్థం పేగుల్లో జింకును పట్టి ఉంచడంతో, తిన్నదాంట్లోనూ తక్కువే ఒంటికి పడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో మగవారికి రోజుకు 17 మిల్లీగ్రాములు, ఆడవారికి 13 మిల్లీగ్రాముల పైచిలుకు జింకు కావాలని అంత ఎక్కువగా నిర్ణయించడానికి ఈ ఫైటేటే ముఖ్య కారణం. పులియబెట్టిన పిండిలో, మొలకెత్తించిన గింజల్లో ఫైటేటు విరిగిపోతుంది. చేపలు, రొయ్యలు, పీతలు, గుడ్లలో ఉండే జింకు సులువుగా ఒంటబడుతుంది. ఇంతా చేసి ఈ లోటు తీరితే మేలు ఎక్కువగా పిల్లల ఎదుగుదలకు, రోగనిరోధక శక్తికి. రక్తపోటుకు దాని మేలు పక్కదారిన వచ్చేదే.

రాగి లేకపోతే రక్తనాళపు గోడలోని సాగే నారలు ఒకదానితో ఒకటి ముడిపడవు. రాగి లోటుతో పెంచిన కోడిపిల్లల్లో, పందుల్లో బృహద్ధమని పగిలిపోవడం పరిశోధకులు చూశారు. మనుషుల్లో అంతటి లోటు అరుదు. అయితే ఎవరి సలహా లేకుండా నెలల తరబడి పెద్ద మోతాదు జింకు మాత్రలు మింగేవారిలో రాగి పేగుల్లోనే ఆగిపోయి లోటు వస్తుంది. సెలీనియం మట్టిలో లేని చైనా ప్రాంతాల్లో కెషాన్ అనే గుండె కండరపు జబ్బు వచ్చేది, కాబట్టి అది గుండెకు అవసరమే. కానీ అవసరానికి మించి తింటే జుట్టు, గోళ్లు ఊడతాయి, రక్తపోటు తగ్గిస్తుందన్న రుజువు లేదు. వీటి గురించి ఇంతకు మించి చెప్పనవసరం లేదు.

మేలు చేసే లోహాల కన్నా కీడు చేసే లోహాల పాత్ర రక్తపోటులో స్పష్టంగా ఉంది. సీసం ఎముకల్లో దశాబ్దాల పాటు దాగి ఉండి, కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తూ మూత్రపిండాలను దెబ్బతీసి పోటును పెంచుతుంది. సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000లో ఆగిపోయినా, ఆ రోజుల్లో పీల్చినవారి ఎముకల్లో అది ఇంకా ఉంది. పాత బ్యాటరీలు కరిగించే చోట్లు, పాత రంగులు, రంగు కోసం లెడ్ క్రోమేటు అనే సీసపు పదార్థం కలిపిన పసుపు ఇప్పటికీ దారులే. కాడ్మియం మూత్రపిండాల్లో పేరుకుంటుంది. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకుల్లోకి బాగా లాగుతుంది కనుక చుట్ట, బీడీ, సిగరెట్టు ఏది కాల్చినా అది ఊపిరితిత్తుల ద్వారా లోపలికి చేరుతుంది. లంక పొగాకు చుట్టలు తరాలుగా అలవాటైన పల్లెల్లో ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది.

నీటి దగ్గరికి వస్తే డెల్టాకు తనదైన చిక్కు ఉంది. ధవళేశ్వరం నుంచి కాలువల్లో వచ్చే గోదావరి నీటిలో ఉప్పు చాలా తక్కువ. ఆ నీటితో నింపుకున్న మంచినీటి చెరువులే శివారు పల్లెలకు వేసవి ఆధారం. కాలువలు కట్టేసిన రోజుల్లో చెరువు అడుగంటితే బోరు తప్ప దిక్కుండదు. సఖినేటిపల్లి, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మొగల్తూరు వంటి తీర మండలాల్లో చాలా చోట్ల ఆ బోరు ఉప్పుకుండ. నీటిలో సోడియం లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు దాటితేనే నాలుకకు ఉప్పదనం తెలుస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాములున్న నీటిని ఎండల్లో రోజుకు మూడు లీటర్లు తాగే మనిషి 900 మిల్లీగ్రాముల సోడియాన్ని, అంటే రెండు గ్రాములకు పైబడిన ఉప్పును, ఒక్క ముద్ద తినకుండానే మింగుతున్నాడు. కంచంలో ఉప్పు తగ్గించమని ఆ మనిషికి చెప్పేవారు ముందు నీళ్లేమిటని అడగడం న్యాయం.

ఇలాంటి మరో డెల్టా బంగ్లాదేశ్ తీరం. అక్కడ ఎండాకాలంలో బాగా ఉప్పెక్కిన నీరు తాగే గర్భిణుల్లో రక్తపోటు ఎక్కువగా ఉందని 2011లో వెలువడిన పరిశోధన చెప్పింది. కానీ అదే తీరంలో 2019లో ప్రచురించిన మరో అధ్యయనంలో, కొద్దిపాటి ఉప్పదనం ఉన్న నీరు తాగేవారి రక్తపోటు మంచినీరు తాగేవారికన్నా కాస్త తక్కువగానే కనబడింది. ఆ నీటిలో సోడియంతో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా ఎక్కువగా ఉండడమే కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. రొయ్యల చెరువు చెప్పిన పాళ్ల మాటే ఇక్కడా ఎదురవుతుంది. ఈ వెలుగులో, పల్లెపల్లెనా వెలసిన ఆర్వో ప్లాంట్ల నీటిని చూడాలి. అది సోడియాన్ని తీసివేస్తుంది, ఉప్పు బోర్లున్న చోట అది గొప్ప మేలు. దానితో పాటే కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ కూడా దాదాపు మొత్తంగా తీసివేస్తుంది. మామూలు తాగునీటికి (ముద్ర వేసి అమ్మే సీసా నీటికి కాదు) భారతీయ ప్రమాణాలు కాల్షియానికి లీటరుకు 75 మిల్లీగ్రాములు, మెగ్నీషియానికి 30 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యమైన పరిమితిగా పెట్టాయి గాని, ఇంతకు తగ్గకూడదన్న కనీసం పెట్టలేదు. ఇరవై లీటర్ల టిన్ను మీద 'మినరల్ వాటర్' అని రాసి ఉన్నంత మాత్రాన అందులో ఖనిజాలు ఉన్నట్టు కాదు. పెరుగు, ఆకుకూర, పప్పు, చిన్న చేపలు తినే ఇంట్లో ఈ లోటు కంచంలోనే తీరిపోతుంది. కాలువ నీరు శుభ్రంగా అందే ఊళ్లలో మాత్రం, వడపోసి క్లోరిన్ కలిపిన ఆ నీటిని వదిలి ఖనిజాలు లేని నీటిని డబ్బిచ్చి కొనడంలో రక్తపోటు రోగికి ఒరిగేదేమీ లేదు.

సైంధవ లవణంలో ఎనభై నాలుగు ఖనిజాలున్నాయని, అది బీపీ ఉన్నవారు వాడుకోవచ్చని చెప్పే మాట ప్రమాదకరమైనది. గులాబీరంగు ఉప్పులోనూ నూటికి 97 పాళ్లకు మించి సోడియం క్లోరైడే ఉంటుంది. మిగతా ఖనిజాలు ఒంటికి పనికొచ్చేంత రావాలంటే ప్రాణం మీదికి వచ్చేంత ఉప్పు తినాలి. పైగా అది, కల్లుప్పు కూడా, అయోడిన్ కలపనివైతే థైరాయిడ్‌కు వేరే చిక్కు వస్తుంది. రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీటి వల్ల కొన్ని సూక్ష్మజీవులు నశించడం నిజం, రక్తపోటు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. మజ్జిగ, చింతపండు పులుసు వంటివాటిని కళాయి లేని రాగి పాత్రలో నిలవ ఉంచితే రాగి అతిగా దిగి వాంతులవుతాయి. దగ్గుకని రోజూ చప్పరించే అతిమధురం మాత్రం నిజంగానే ఖనిజాలను కదిలిస్తుంది: మూత్రపిండం పొటాషియాన్ని వదిలి సోడియాన్ని పట్టుకునేలా చేసి రక్తపోటును పెంచుతుంది.

రక్తపోటు మందుల్లో చాలావరకు ఈ ఖనిజాల పాళ్లతోనే ఆడుకుంటాయి, రోగికి ఎవరూ విడమరచి చెప్పని భాగం ఇదే. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి నీటి మాత్రలు సోడియంతో పాటు పొటాషియం, మెగ్నీషియం, జింకులను కూడా మూత్రంలో పంపేస్తాయి. అవి వాడుతూ కాళ్ల పిక్కలు పట్టేస్తున్నాయని, నీరసంగా ఉందని చెప్పే రోగికి ఖనిజాల పరీక్ష చేయించాలి. దానికి తోడు గ్యాస్ కోసం పాంటాప్రజోల్ జాతి మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటుంటే మెగ్నీషియం ఇంకా పడిపోవచ్చు. మెగ్నీషియం సరిచేయకుండా పొటాషియం మాత్రమే ఇస్తే ఆ పొటాషియం ఒంట్లో నిలవదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ ఇందుకు వ్యతిరేకంగా పొటాషియాన్ని లోపల నిలుపుతాయి. మూత్రపిండాలు బాగున్నవారిలో దీనివల్ల ఇబ్బంది అరుదు.

సోడియం కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు ఇప్పుడు పెద్ద కిరాణా దుకాణాల్లో దొరుకుతోంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందిపై చేసి 2021లో ప్రచురించిన ప్రయోగంలో, నాలుగో వంతు పొటాషియం క్లోరైడు ఉన్న ఇలాంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. తెలుగు నేల మీదే, సిద్దిపేట పల్లెల్లో 502 మంది రక్తపోటు రోగులకు ఈ తరహా ఉప్పు ఇచ్చి చూసినప్పుడు పై అంకె సగటున 4.6 మిల్లీమీటర్లు దిగింది. రుచిలో తేడాను చాలామంది పట్టించుకోలేదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్లలో వాడే ఉప్పుకు బదులు దీన్ని వాడవచ్చని సూచించింది, గర్భిణులను, పిల్లలను, మూత్రపిండాల జబ్బున్నవారిని మినహాయించి. ఊరగాయలు, ఉప్పు చేప ఎక్కువగా తినే ఇళ్లున్న డెల్టాలో ఈ మార్పు వల్ల దక్కే లాభం మిగతా చోట్లకన్నా ఎక్కువే కావాలి.

మినహాయింపు మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మధుమేహంతో మూత్రపిండాలు కొంత దెబ్బతిని, ఆ సంగతి ఇంకా బయటపడని వృద్ధుడు, ఉదయం టెల్మిసార్టాన్ మాత్ర వేసుకుని, కూరల్లో పొటాషియం ఉప్పు తిని, మే నెల ఎండలకు రోజుకు రెండు బొండాలు తాగితే, ఆ బొండాలతోనే 1,200 మిల్లీగ్రాముల పొటాషియం లోపలికి వెళుతుంది. రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోళ్ల మధ్య ఉండవలసిన పొటాషియం 6 దాటేవరకూ ఒంటికి ఏ కబురూ తెలియకపోవచ్చు, ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. ఈ మందులు మొదలుపెట్టినా, మోతాదు పెంచినా రెండు వారాల్లోపు పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించాలని వైద్య నియమావళి చెబుతుంది. రెండు పరీక్షలకూ చాలేది ఒక్క గొట్టం రక్తం. అమలాపురం, నరసాపురం, తణుకు వంటి పట్టణాల్లోని ల్యాబులు ఫలితాన్ని ఆ సాయంత్రానికే ఇస్తాయి. అంకె 5.5 దాటితే మొదట ఆపవలసినవి ఆ ఉప్పూ ఆ బొండాలూ, తర్వాత మందు మోతాదు సంగతి వైద్యుడు చూస్తాడు.